స్ట్రాంగూ లైటూ కాక బీర్లలో ఇంకా ఏమున్నాయి?

విశాఖలో ఏ వైన్ షాపు దగ్గర నిలబడి బీరు అడిగినా ఎదురు ప్రశ్నలు రెండే. స్ట్రాంగా, లైటా? కూలింగ్‌దా, మామూలుదా? ఆ రెండింటికీ జవాబు చెప్పి సీసా పట్టుకొస్తే పని అయిపోయినట్టే. చిక్కంతా అక్కడికక్కడే బీరు కాచి పోసే మైక్రోబ్రూవరీలో మెనూ కార్డు తెరిచినప్పుడు మొదలవుతుంది. లాగర్, హెఫెవైజన్, విట్‌బీర్, ఐపీఏ, స్టౌట్ అని వరసగా పేర్లుంటాయి. మనవాళ్లు కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి, వెయిటర్‌ని పిలిచి, "వీటిలో స్ట్రాంగ్ ఏది బాబూ?" అని అడుగుతారు.

అడగడంలో తప్పు లేదు గాని, ఆ ప్రశ్నకీ బీరు రకానికీ సంబంధం తక్కువ. స్ట్రాంగ్, లైట్ అనేవి ఆల్కహాల్ లెక్కలు. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం 5 శాతం దాటి 8 శాతం దాకా ఉంటే స్ట్రాంగ్, అంతకు తక్కువైతే రెగ్యులర్. మన షాపుల్లో దాన్నే లైట్ అంటారు. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. షాపు అరలో కనిపించే స్ట్రాంగూ లైటూ, లేబుల్ మీద పులి ఉన్నా పిట్ట ఉన్నా, దాదాపు అన్నీ ఒకే జాతివి. అన్నీ లాగర్లే. ఏళ్ల తరబడి బ్రాండ్లు మార్చి మార్చి తాగినవాళ్లు కూడా నిజానికి ఒకే రకం బీరు తాగుతూ వచ్చారన్నమాట.

రంగు, ఘాటు, చేదు ఈ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయని అనుకుంటాం. నల్లగా ఉంటే స్ట్రాంగ్, చేదుగా ఉంటే స్ట్రాంగ్, పసుపుపచ్చగా ఉంటే తేలిక. ఈ మూడూ దేనికవే వేరు. వీటి వెనక జాతిని నిర్ణయించేది నాలుగోది. దాని గురించి ముందు చెప్పుకుంటే మిగతా పేర్లన్నీ వాటి చోట అవే సర్దుకుంటాయి.

బీరుకి కావలసినవి నీళ్లు, మాల్ట్, హాప్స్, ఈస్ట్. మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన గింజ. ఇంట్లో రాగి మాల్ట్‌ కోసం రాగులకి చేసేదే అక్కడ బార్లీకి చేస్తారు. మొలక వచ్చేటప్పుడు గింజలో ఎంజైములు పుడతాయి. ఆ మాల్ట్‌ని నలగ్గొట్టి వేడినీళ్లలో ఉంచితే ఆ ఎంజైములే పిండిని చక్కెరగా మారుస్తాయి. ఆ తియ్యటి నీటిని వడకట్టి, హాప్స్ వేసి మరగబెడతారు. హాప్స్ ఒక తీగ పువ్వులు. చేదు వాటిదే, వాసనలో సగం వాటిదే. చల్లార్చాక ఈస్ట్ వేస్తారు. అది చక్కెర తిని ఆల్కహాలూ గ్యాసూ వదుల్తుంది.

1516లో జర్మనీలోని బవేరియా డ్యూక్ నాలుగో విల్‌హెల్మ్ ఇంగోల్‌స్టాట్‌లో ఒక శాసనం ప్రకటించాడు. బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప బీరులో ఇంకేదీ పడకూడదని దాని సారాంశం. అందులో ఈస్ట్ ఊసే లేదు. అలాంటి జీవి ఒకటుందని అప్పటికి ఎవరికీ తెలియదు మరి. బీరు జాతుల్ని విడదీసేది మాత్రం ఆ ఊసులేని ఈస్టే.

ఈస్టుల్లో ముఖ్యమైనవి రెండు. ఒకటి 15 నుంచి 24 డిగ్రీల మధ్య హుషారుగా పనిచేసి, నురగతోపాటు పైకి తేలుతుంది. దానితో చేసింది ఏల్. పని చేస్తూ చేస్తూ అది పండ్ల వాసనలు, మసాలా వాసనలు కూడా పుట్టిస్తుంది. రెండోది చలి జీవి. 7 నుంచి 13 డిగ్రీల దగ్గర నిదానంగా పనిచేసి అడుగుకి చేరుతుంది. ఆ తర్వాత బీరుని సున్నాకి దగ్గరగా వారాల తరబడి నిలవ ఉంచాలి. అదే లాగర్. దాని రుచిలో ఈస్ట్ గొంతు వినిపించదు. మాల్ట్, హాప్స్ మాత్రమే తేటగా తెలుస్తాయి.

ఈ చలి ఈస్ట్ ఒక సంకరం. తల్లిదండ్రుల్లో ఒకరు మామూలు ఏల్ ఈస్ట్ అని శాస్త్రవేత్తలకి ముందే తెలుసు. రెండో వారి జాడ 2011లో దొరికింది, అదీ ఎక్కడో దక్షిణ అమెరికాలోని పటగోనియా అడవుల్లో, బీచ్ చెట్ల మీద. తర్వాత టిబెట్‌లోనూ ఐర్లండ్‌లోనూ కూడా కనిపించింది.

మరి ఆ చలి జీవి బవేరియాలో ఎందుకు రాజ్యమేలింది? ఎండాకాలంలో చేసిన బీరు పాడైపోతోందని 1553లో అక్కడ ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 దాకా బీరు కాచడమే నిషేధించారు. చలికాలంలోనే కాచి, కొండ గుహల్లోనూ మంచు నింపిన నేలమాళిగల్లోనూ దాచుకునేవారు. ఆ చలికి తట్టుకున్న ఈస్టే తరతరాలుగా మిగిలింది. వేసవి మొత్తానికి సరిపడా మార్చిలో కాస్త గట్టిగా కాచి పెట్టుకున్న బీరు మెర్జెన్. శరదృతువులో పీపాలు ఖాళీ చేసే వేళకి అది మ్యూనిక్ అక్టోబర్‌ఫెస్ట్ బీరు అయింది. సంప్రదాయ రకాల చరిత్రంతా దాదాపు ఇలాగే ఉంటుంది. రుచి కోసం కూర్చుని కనిపెట్టినవి తక్కువ. వాతావరణం, నీళ్లు, వంటచెరకు, పన్నులు నెట్టిన దారిన పోయి తయారైనవే ఎక్కువ.

మన దగ్గర జనవరి తెల్లవారుజామున కూడా 17, 18 డిగ్రీలకి దిగితే గొప్ప. ఈ ఊళ్లో శీతలీకరణ యంత్రం లేకుండా లాగర్ జరిగే పని కాదు. కార్ల్ వాన్ లిండె 1870లలో ఆ యంత్రాన్ని బ్రూవరీల కోసమే మెరుగుపరిచాడు. మ్యూనిక్‌లోని స్పాటెన్ బ్రూవరీ అతనికి అండగా నిలిచింది. 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ ఒక్క కణం నుంచి స్వచ్ఛమైన లాగర్ ఈస్ట్‌ని పెంచాడు. ఈ రెండూ కుదిరాక చలి దేశపు బీరుకి ఊరితో పని లేకుండా పోయింది. శ్రీకాకుళం వెళ్లే దారిలో రణస్థలం దగ్గర బంటుపల్లిలో యునైటెడ్ బ్రూవరీస్ ఫ్యాక్టరీ ఉంది. ఉత్తరాంధ్ర ఎండల్లో లాగర్ తయారవుతోందంటే లిండె పుణ్యమే.

రంగు ఎక్కడి నుంచి వచ్చింది

ఒకప్పుడు యూరప్‌లో బీర్లు చాలావరకు గోధుమ రంగులోనో, నలుపుకి దగ్గరగానో ఉండేవి. మాల్ట్‌ని కట్టెల మంట మీద ఆరబెడితే పొగ పడుతుంది, మాడుతుంది. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో మాల్ట్ ఆరబెట్టడానికి కోక్ వాడడం మొదలైంది. కోక్ అంటే ఏమిటో మన స్టీల్ ప్లాంట్ ఉన్న ఊళ్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. బొగ్గుని గాలి తగలకుండా కాల్చి, పొగా గంధకమూ చాలావరకు వదిలించేస్తే మిగిలేది. ఆ నిప్పుతో వేడి అదుపులోకి వచ్చింది, మాల్ట్ తెల్లగా దిగింది. పేల్ ఏల్ అలా పుట్టింది.

నలుపు కథ దీనికి తిరగబడింది. 1817లో డేనియల్ వీలర్ అనే ఆయన మాల్ట్‌ని మండిపోకుండా నల్లగా వేయించే డ్రమ్ముకి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటికే 18వ శతాబ్దమంతా లండన్ కూలీలు తాగిన ముదురు బీరు పోర్టర్. వీలర్ డ్రమ్ము వచ్చాక పోర్టర్‌కి గోధుమ రంగు మాల్ట్ బస్తాలు అక్కర్లేకపోయాయి. తెల్ల మాల్ట్‌లో నల్లది కాస్త కలిపితే సరిపోయేది. పోర్టర్‌లో చిక్కటిదాన్ని స్టౌట్ పోర్టర్ అనేవారు, తర్వాత ఉత్తి స్టౌట్ మిగిలింది.

ఇప్పటి స్టౌట్ చూడండి. డబ్లిన్‌లో ఆర్థర్ గిన్నెస్ 1759లో ఏడాదికి 45 పౌండ్ల చొప్పున 9,000 ఏళ్లకి లీజు రాయించుకున్న చోటి నుంచి వచ్చే డ్రాట్ స్టౌట్‌లో ఆల్కహాల్ 4.2 శాతం. బొగ్గులా కనిపించే ఆ గ్లాసు మన షాపులోని బంగారు రంగు స్ట్రాంగ్ సీసా ముందు సాత్వికురాలు. కాఫీలాంటి ఆ చేదు, ఆ నలుపు, పదోవంతు వేయించిన బార్లీ పని. నైట్రోజన్‌తో పోస్తారు కాబట్టి నురగ మీగడలా ఉంటుంది, నాలుక మీద బరువుగా అనిపిస్తుంది. కొత్తగా పోసిన గ్లాసుని కళ్ల ఎత్తులో పెట్టి చూస్తే అంచు వెంట బుడగలు కిందికి దిగుతుంటాయి. భ్రమేమీ కాదు. మధ్యలో పైకి లేచిన ప్రవాహం గోడల పక్క నుంచి తిరిగి దిగుతూ బుడగల్నీ లాక్కుపోతుంది.

నల్లవన్నీ ఏల్ కూడా కావు. జర్మనీ ష్వార్జ్‌బీర్ నల్లటి లాగర్, తాగితే తేలిక. బెల్జియం ట్రిపెల్ బంగారు రంగు ఏల్, 9 శాతం పైనే ఉండొచ్చు. ఈ రెండు గ్లాసులు పక్కపక్కన పెడితే రంగు సిద్ధాంతం అక్కడికక్కడే ముగుస్తుంది.

ఇక ఆ బంగారు రంగు లాగర్‌ది ఒక ఊరి కథ. చెక్ దేశంలోని ప్ల్జెన్‌లో 1838లో జనం కోపమొచ్చి పాడైన బీరు 36 పీపాలు నడివీధిలో పారబోశారు. ఆ తర్వాత ఊరివాళ్లంతా కలిసి సొంత బ్రూవరీ కట్టుకుని, బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్ అనే ఆయన్ని రప్పించారు. బవేరియా లాగర్ పద్ధతి, ఇంగ్లిష్ తరహా తెల్ల మాల్ట్, దగ్గర్లోని జాటెట్స్ హాప్స్, ఉప్పుల్లేని ఆ ఊరి మెత్తటి నీళ్లు. 1842 అక్టోబర్‌లో ఇవన్నీ కలిసి బయటికొచ్చిందే పిల్స్‌నర్. దాన్ని చూసి మ్యూనిక్ కూడా 1894లో చేదు తగ్గించి హెల్లెస్ చేసుకుంది. మన లైట్ బీరు ఈ వంశానికే దూరపు మనవడు. హాప్స్ బాగా తగ్గాయి, బార్లీలో కొంత స్థానాన్ని బియ్యమో మొక్కజొన్నో ఆక్రమించాయి. అసలైన పిల్స్‌నర్ మొదటి గుక్క చేదుగా తగిలితే పాడైందనుకోకండి, అది అలాగే ఉండాలి.

ఇండియా పేరున్న బీరు

ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్. దాని గురించి చెప్పే కథ అందరికీ తెలిసిందే. ఇంగ్లండ్ నుంచి ఇండియాకి ఓడలో నెలల తరబడి వచ్చే బీరు పాడవకుండా హాప్స్, ఆల్కహాల్ దట్టించి ఒక కొత్త బీరు కనిపెట్టారని. 1682 నుంచే ఈస్టిండియా కంపెనీ స్థావరం ఉన్న రేవు ఊరివాళ్లం కాబట్టి మనకి ఈ కథ మరీ ముద్దు. నిజం ఇంత నాటకీయంగా లేదు. హాప్స్ ఎక్కువ వేస్తే బీరు నిలవ ఉంటుందని ఇంగ్లండ్ బ్రూవర్లకి అంతకుముందే తెలుసు. జార్జ్ హాడ్జ్‌సన్ బో బ్రూవరీ లండన్‌లో కంపెనీ ఓడలు ఆగే రేవుకి దగ్గర. ఓడ కెప్టెన్లకి అప్పుల మీద సరుకిచ్చేవాడు. అప్పటికే ఉన్న పేల్ ఏల్ అలా ఓడెక్కింది. గుడ్ హోప్ అగ్రం చుట్టి వచ్చేలోపు పీపాల్లో ఊగి ఊగి, ఎండకి కాగి, ఇంట్లో రెండేళ్లు ముగ్గినంత పక్వానికి వచ్చింది. ఇక్కడి దొరలకి అది నచ్చింది. మామూలు తెల్ల సిపాయి తాగింది మాత్రం పోర్టరే. ఓడల్లో అదీ దండిగానే వచ్చేది, పాడైపోకుండానే.

1822 ప్రాంతంలో రష్యా సుంకాలు ఇంగ్లండ్‌లోని బర్టన్ ఊరి బీరు వ్యాపారాన్ని దెబ్బతీస్తే, అక్కడి శామ్యూల్ ఆల్సప్ ఇండియా వైపు తిరిగాడు. బర్టన్ నీళ్లలో జిప్సం ఎక్కువ. అందులోని సల్ఫేట్ వల్ల హాప్స్ చేదు పొడిగా, సూటిగా తెలుస్తుంది. హాడ్జ్‌సన్ దానికి సాటి రాలేకపోయాడు. ప్ల్జెన్ మెత్తటి నీళ్లు పిల్స్‌నర్‌నీ, డబ్లిన్ సున్నపు నీళ్లు నల్ల బీరునీ నిలబెట్టినట్టే ఇదీనూ. ఇవాళ బ్రూవర్‌కి ఆ బంధం లేదు. మేఘాద్రిగెడ్డ నీళ్లయినా రైవాడ నీళ్లయినా ఆర్వోలో పోసి ఉప్పులన్నీ తీసేసి, కావలసిన ఊరి లెక్కన మళ్లీ కలుపుకుంటాడు.

మన మెనూల్లో ఇప్పుడు కనిపించే ఐపీఏ మాత్రం బర్టన్‌ది కాదు. 1970ల తర్వాత అమెరికన్లు తమ కాస్కేడ్‌లాంటి హాప్స్‌తో మళ్లీ తీర్చిదిద్దింది. పంపరపనస తొక్క, దేవదారు జిగురు వాసనలు అందుకే. పేరులో ఇండియా ఉన్నా ఆ తీగకి పొడుగు పగళ్లున్న చల్లటి వేసవి కావాలి. మన దేశంలో అది పండేది హిమాచల్‌లోని లాహౌల్ వైపు. అక్కడ పండేది కొంచెమే, మిగతా అంతా దిగుమతే.

కుడితిలా ఉన్నదేటి

మైక్రోబ్రూవరీలో అన్ని రకాలూ కొంచెం కొంచెం రుచి చూడ్డానికి చిన్న గ్లాసుల ట్రే ఇస్తారు. ఓ ఆదివారం పక్క టేబుల్ మీదికి అలాంటిదే వచ్చింది. మొదటి గ్లాసు మసగ్గా, ముద్దపసుపు రంగులో ఉంది. పెద్దాయన దాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి చూసి, "ఇదేటి బాబూ, కుడితిలా ఉంది? తేరుకున్నది పట్రా" అన్నాడు. పక్కనున్న మేనల్లుడు లాక్కుని వాసన చూసి, "మావయ్యా, అరటిపండు వాసనొస్తోంది, ఇందులో ఏదో కలిపేశారు" అని తేల్చేశాడు.

ఏమీ కలపలేదు. అది హెఫెవైజన్, బవేరియా గోధుమ బీరు. గోధుమలోని ప్రొటీన్లు, వడకట్టకుండా వదిలేసిన ఈస్ట్ కలిసి ఆ మసక తెస్తాయి. అరటిపండు వాసన ఐసోఅమైల్ అసిటేట్ అనే ఎస్టర్‌ది, అంటే పండ్ల వాసనిచ్చే రసాయనానిది. దాని వెనకే వచ్చే లవంగం వాసన కూడా ఆ ఈస్ట్ పుట్టించిందే. బవేరియా ప్రభువులు ఈ గోధుమ బీరు హక్కుని చాలాకాలం తమ గుప్పిట్లో ఉంచుకున్నారు. అందరికీ బార్లీ శాసనం, వాళ్లకి మాత్రం గోధుమ. చట్టాలు ఎప్పుడూ అలాగే ఉంటాయి లెండి. జనం మోజు తగ్గాక 1872లో గెయోర్గ్ ష్నైడర్ ఆ హక్కు సంపాదించి దాన్ని బతికించాడు.

ట్రేలో దీని పక్కనే ఉండే విట్‌బీర్ కూడా మసగ్గానే ఉంటుంది. అందుకే రెండింటినీ ఒకటనుకుంటారు. అది బెల్జియందీ, ఇందులో నిజంగానే కలుపుతారు. ధనియాలు, చేదు నారింజ తొక్క. హూఖార్డెన్ ఊళ్లో చచ్చిపోయిన ఈ రకాన్ని పియెర్ సెలిస్ 1966లో మళ్లీ లేపాడు. నా మట్టుకు మే నెల ఉక్కపోతకి దీన్ని మించింది లేదు.

బెల్జియం వాళ్లకి శాసనాలు పట్టవు. అక్కడ ట్రాపిస్ట్ అనే క్రైస్తవ మఠాల్లో సన్యాసుల పర్యవేక్షణలో, మఠం గోడల లోపలే బీరు తయారవుతుంది, లాభం మఠం ఖర్చులకీ ధర్మకార్యాలకీ పోతుంది. గోధుమ రంగు డుబెల్, బంగారు ట్రిపెల్ అక్కడివే. వాటిలో చక్కెర వేస్తారు, బీరు ఒళ్లు, అంటే నోట్లో తగిలే చిక్కదనం, తేలికపడ్డానికి.

ఇంకా వింతది లాంబిక్. బ్రసెల్స్ పరిసరాల్లో చలికాలం రాత్రుళ్లు కాచిన ద్రవాన్ని వెడల్పాటి తొట్లలో మూత లేకుండా వదిలేస్తారు. ఈస్ట్ ఎవరూ వెయ్యరు, గాలిలోదీ పీపా చెక్కలోదీ పనిచేస్తుంది. ఇది మనకి కొత్త కాదు, మన తాటికల్లూ, పాడేరు వైపు జీలుగు కల్లూ పులిసేది ఇలాగే. కల్లు పూటలో పులుస్తుంది, లాంబిక్‌కి ఒకటి నుంచి మూడేళ్లు. పాతదీ కొత్తదీ కలిపి సీసాలో మళ్లీ పులియబెడితే గ్యూజ్, చెర్రీలు నానబెడితే క్రీక్. పుల్లగా, గుర్రపుశాల వాసనతో ఉంటాయి. కల్లు అలవాటున్న నాలుకకి ఇవి ఇట్టే ఎక్కుతాయని నా నమ్మకం.

మన స్ట్రాంగ్ సంగతి

మరి మన స్ట్రాంగ్ ఏ రకం? లాగరే, కాకపోతే చక్కెర పాకమో బియ్యమో కలిపి ఆల్కహాల్ పెంచినది. చక్కెర మొత్తం పులిసిపోయి ఆల్కహాల్ అవుతుంది, ఒళ్లు మిగలదు. సన్యాసులూ చేసేది అదే గదా అంటే, వాళ్ల ఈస్ట్ దానికి బోలెడు వాసనలు జోడిస్తుంది, తర్వాత తీరిగ్గా ముగ్గనిస్తారు. ఇక్కడ లెక్క వేరు, పెట్టిన డబ్బుకి ఎంత ఎక్కిందన్నదే. దేశంలో అమ్ముడయ్యే బీరులో సింహభాగం స్ట్రాంగే కావడానికి కారణం అదే. సీసా తిరగేసి నీళ్ల గ్లాసులో మూతి ముంచి "గ్లిజరిన్ దింపేస్తున్నాం" అనేవాళ్లని చూసే ఉంటారు. ఆ నూనెదారంలా దిగేది బీరే. నీటికన్నా కాస్త బరువు కాబట్టి దిగుతుంది. చేతిలోని బీరుని పలచన చేసుకోవడం తప్ప ఇంకేం జరగదు.

కూలింగ్ విషయంలో మాత్రం మన షాపువాడి ప్రశ్న సరైనదే, లాగర్ వరకు. బాగా చల్లగా ఉంటే నాలుక మొద్దుబారి లోపాలన్నీ కప్పబడిపోతాయి, స్ట్రాంగ్‌కి అది వరం. స్టౌట్‌నో ట్రిపెల్‌నో అంత చల్లగా తాగితే పెట్టిన డబ్బంతా వృథా. పది నిమిషాలు టేబుల్ మీద వదిలేస్తే కాఫీ, ఎండుద్రాక్ష వాసనలు ఒక్కొక్కటే పైకి వస్తాయి.

మంచింగ్ దగ్గర కూడా రకం తెలిస్తే లాభం. ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చుకున్న వంజరం వేపుడుకి పిల్స్‌నర్. అరకు బొంగు చికెన్‌కి డుంకెల్‌లాంటి గోధుమ రంగు లాగర్, కాలిన వాసనకి వేయించిన మాల్ట్ తోడవుతుంది. కారం ఎక్కువున్న కోడి వేపుడుకి ఐపీఏ పెట్టుకోకండి, హాప్స్ చేదు కారాన్ని ఇంకా రాజేస్తుంది. గోధుమ బీరు చల్లారుస్తుంది.

సీసా కొనేటప్పుడు లేబుల్ మీద తయారీ తేదీ చూడండి. వేడికి అన్నిటికన్నా ముందు ఎగిరిపోయేది హాప్స్ వాసన, కాబట్టి నెలల తరబడి మన గోడౌన్లలో ఉక్కిన ఐపీఏ కన్నా తాజా లాగర్ మేలు. ఎండ ఇంకా ప్రమాదం. హాప్స్‌లోని పదార్థాలు వెలుతురుకి విరిగి గంధకపు కంపు కొడతాయి. గోధుమ రంగు సీసా దాన్ని బాగా ఆపుతుంది, ఆకుపచ్చది అంతంత మాత్రం, తెల్లటిది అసలు ఆపదు. గాజు గ్లాసు కూడా తెల్లటిదే, కాబట్టి మేడ మీద ఎండలో కూర్చున్నప్పుడు గ్లాసు నీడలో పెట్టుకోండి.